డయల్ మీద పేరు

ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో నగ చేతికి రాగానే తిప్పి ముద్ర చూస్తారు. ఒన్‌గ్రామ్ గోల్డ్ గొలుసును ఒన్‌గ్రామ్ గోల్డ్ అనే అమ్మితే ఎవరికీ పేచీ లేదు. 916 అని అంటగడితేనే తగాదా. వాచీల సంగతీ అంతే.

1970ల్లో బ్రిటిష్ నౌకాదళం తన గజ ఈతగాళ్ల కోసం రోలెక్స్ సబ్‌మెరైనర్‌లో ప్రత్యేక రకం చేయించుకుంది. కత్తుల్లాంటి వెడల్పు ముళ్లు, పట్టీ ఊడి వాచీ నీళ్లపాలు కాకుండా కేసుకే అతికించిన కడ్డీలు. చుట్టూ తిరిగే వలయం మీద అరవై నిమిషాలకూ గీతలు. మునిగి ఎంతసేపయిందో లెక్క తెలియాలి కదా! మొత్తం చేసినవి సుమారు 1,200 అంటారు. మిగిలినవి వేలంలో కోటి రూపాయలు దాటిన సందర్భాలున్నాయి.

అదే రూపుతో కొన్ని వేల రూపాయలకే దొరికేవి హోమేజ్ వాచీలు. డయల్ మీద తయారుచేసిన కంపెనీ సొంత పేరే ఉంటుంది. అక్కడ రోలెక్స్ అని రాసి ఉంటే మాత్రం దొంగ సరుకే. జమ్మలమడుగులోనైనా పులివెందులలోనైనా అల్లుడికి పెట్టిన వాచీ అలాంటిదైతే, రిపేరు అంగట్లో మూత విప్పిన రోజు తలవంపులు మామగారికే!

కొనేముందు ఇంకొకటీ చూడాలి. 30 మీటర్లని రాసి ఉంటే అది చేతులు కడుక్కునేటప్పుడు పడే చినుకుల వరకే. బావిలో దూకాలంటే 200 ఉండాల్సిందే.