అశ్వహృదయం తెలిసిన సంగీతం

భారతంలో నలుడికి అశ్వహృదయం, అంటే గుర్రాల మనసెరిగి నడిపే విద్య, తెలుసు. బాహుకుడి రూపంలో ఋతుపర్ణుడి రథం తోలుకుంటూ అతను కుండినపురంలో అడుగుపెట్టేసరికి, మనిషి కనబడక ముందే రథం చప్పుడు విని దమయంతి గుండె ఉలిక్కిపడుతుంది. ఆ తోలడం నలుడిది తప్ప మరొకరిది కాదనిపిస్తుంది ఆమెకు. గుర్రం కథకు నేపథ్య సంగీతం ఎలా ఉండాలన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు ఈ ఘట్టమే గుర్తుకొస్తుంది. గుర్రానికి మాటల్లేవు. ఉన్నదల్లా డెక్కల చప్పుడు, ఊపిరి, సకిలింపు. రీరికార్డింగ్‌కు కూర్చున్న సంగీత దర్శకుడు ఆ చప్పుడు మీద వంద వాద్యాలు కుమ్మరించవచ్చు, లేదా దానికి చోటిచ్చి పక్కన నిలబడవచ్చు. రెండో పని చేసినవాడికే అశ్వహృదయం తెలుసని నేను నమ్ముతాను. అందుకు నేను చూపించే సాక్ష్యం 1979లో వచ్చిన 'ది బ్లాక్ స్టాలియన్'.

వాల్టర్ ఫార్లీ 1941లో రాసిన పిల్లల నవల ఆధారంగా కారల్ బాలర్డ్ తీసిన సినిమా అది. నిర్మాణం వెనక ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా ఉన్నారు, సంగీతం ఆయన తండ్రి కార్మైన్ కొప్పోలాది. ఓడ మునిగి ఒక కుర్రవాడు, ఒక నల్ల అరబ్బీ గుర్రం నిర్మానుష్యమైన దీవి తీరానికి కొట్టుకొస్తారు. సార్డీనియాలో తీసిన ఆ భాగం దాదాపు అరగంట, అందులో సంభాషణ లేనట్టే. ఇలాంటి అరగంటను చేతికిస్తే సంగీత దర్శకుడికి పండగే. ఏ భావం పలకాలన్నా తనే పలకాలి, అడ్డుచెప్పే మాట ఒక్కటీ లేదు. కార్మైన్ ఆ అవకాశాన్ని ఎంత పొదుపుగా వాడుకున్నారో చూడండి. కుర్రవాడు సముద్రపు నాచు పట్టుకుని చెయ్యి చాస్తాడు. గుర్రం రెండడుగులు వేస్తుంది, తల విదిలిస్తుంది, వెనక్కి జరుగుతుంది, మళ్లీ వస్తుంది. కెమెరా దూరంగానే ఉండిపోతుంది. గుర్రం తింటుందా తినదా అన్నది మనకూ తెలియదు, ఆ పసివాడికీ తెలియదు. సంగీతం ముందే తెలిసినట్టు ఎగిరిపడి ఉంటే ఆ ఎదురుచూపు అక్కడే చచ్చిపోయేది.

కార్మైన్ స్వతహాగా ఫ్లూట్ వాద్యకారుడు. టోస్కనీని నడిపిన ఎన్‌బీసీ సింఫనీలో వాయించినవారు. 'గాడ్‌ఫాదర్' రెండో భాగానికి నీనో రోటాతో కలిసి ఆస్కార్ అందుకున్నారు. ఊదే వాద్యం వాయించేవారికి ఊపిరి విలువ వేరే చెప్పక్కర్లేదు. ఎక్కడ గాలి పీల్చుకోవాలో తెలియకపోతే పాటే సాగదు. ఈ సినిమాలో వాద్యబృందం కూడా అలాగే అక్కడక్కడా ఆగి గాలి పీల్చుకుంటుంది, ఆ ఖాళీలో కెరటం వినబడుతుంది, గుర్రం ముక్కుపుటాల శబ్దం వినబడుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, న్యాయమైనదే. ఆ ఘనత సంగీతానిది కాదు, శబ్దాలు కూర్చిన ఆలన్ స్ప్లెట్‌ది కదా అంటారు. నిజమే, గుర్రం ఒంటికే మైకులు కట్టి డెక్కల చప్పుడు, ఊపిరి పట్టిన మనిషి ఆయన. అకాడమీ ఆ పనికి ప్రత్యేక పురస్కారమే ఇచ్చింది. సంగీతం కూడా కార్మైన్ ఒక్కరిదే కాదు, షర్లీ వాకర్ కొంత అదనంగా రాశారు. అయితే ఇవన్నీ నా మాటకు బలమే తప్ప ఎదురు కావు. స్ప్లెట్ ఎంత కష్టపడి ఆ ఊపిరిని తెచ్చినా, పైన తీగవాద్యాలు ఎడతెగకుండా మోగుతుంటే ఎవరికి వినబడుతుంది? కచేరీలో మృదంగం పలుకు వినబడిందంటే గాయకుడు ఎక్కడో ఆగాడన్నమాట. ఆ ఆగడం కూడా అతని విద్వత్తులోదే.

ఇంకో అభ్యంతరం మన సినిమా అలవాటులోంచి వస్తుంది. నిండుగా మోగకపోతే గుండె కదులుతుందా అని. ఇళయరాజా వయొలిన్లతో పెరిగిన చెవులు మనవి, నిండుదనం మీద మమకారం తప్పు కాదు. 2011లో స్పీల్‌బర్గ్ తీసిన 'వార్ హార్స్'కు జాన్ విలియమ్స్ ఇచ్చింది కచ్చితంగా నిండు సంగీతమే. మొదట్లో డెవన్ పచ్చిక బయళ్ల మీద ఒంటరి ఫ్లూట్, రాతినేలలో జోయీ అనే ఆ గుర్రం నాగలి లాగేటప్పుడు మొత్తం బృందం. అరక కష్టం తెలిసిన ఇళ్లనుంచి వచ్చినవాళ్లకు ఆ దున్నకం చూస్తే కళ్లు చెమర్చక మానవు. అయినా ఆ సినిమాలో నన్ను పట్టి నిలిపేది అది కాదు. కందకాల నడుమ ముళ్లకంచెలో గుర్రం చిక్కుకుంటుంది. బ్రిటిష్ సైనికుడొకడు, జర్మన్ సైనికుడొకడు కలిసి తీగలు కత్తిరిస్తారు. అప్పటిదాకా చెలరేగిన వాద్యాలు అక్కడ తగ్గి, ఇద్దరి మాటలకూ కత్తెర చప్పుడుకూ దారిస్తాయి. అంతటి విలియమ్స్‌కూ గుర్రం బాధ ముందు గొంతు తగ్గించాల్సి వచ్చింది. 2002 నాటి 'స్పిరిట్'లో దారి వేరు. అక్కడ మ్యాట్ డేమన్ గొంతు గుర్రం మనసు చెబుతుంది, బ్రయన్ ఆడమ్స్ పాటలు మిగతాది చెబుతాయి. హాన్స్ జిమ్మర్ సంగీతం హుషారైనదే, పిల్లలకు నచ్చేదే. కానీ చివరికి మనకు తెలిసేది మన మనసే, గుర్రం మనసు కాదు.

పరాయి దేశంలో ఉంటున్న తెలుగువాళ్లకు ఇదంతా ఎందుకని అడగవచ్చు. ఇక్కడి ఇళ్లలో వేసవి సెలవులకు వచ్చిన తాతయ్యకు ఇంగ్లీషు సంభాషణ అందదు, మనవడికి తెలుగు అందదు. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టగల సినిమాలు అరుదు. 'బ్లాక్ స్టాలియన్' దీవి భాగానికి సబ్‌టైటిళ్లు అక్కర్లేదు, ఎవరూ ఎవరికీ అనువదించి చెప్పక్కర్లేదు. సంగీతం తన మాటను బలవంతంగా రుద్దలేదు కాబట్టే ఇద్దరికీ సమానంగా చోటు దొరుకుతుంది. పైగా ఇక్కడి బడుల్లో మన పిల్లలు ఎందరో ఫ్లూట్, వయొలిన్ నేర్చుకుంటున్నారు. వాళ్లకు స్వరాలతో పాటు విరామాల పని కూడా చెవికి ఎక్కాలంటే ఇంతకన్నా మంచి పాఠం నాకు కనబడదు.

ఒక్క పని చేయించండి వాళ్ల చేత. చివరి గుర్రప్పందెం వచ్చినప్పుడు కళ్లు మూసుకుని వినమనండి. ముందు డెక్కలు, మట్టి, బిగబట్టిన ఊపిరి. తర్వాత ఉన్నట్టుండి పందెపు మైదానం మాయమై, తెరమీద మళ్లీ ఆ దీవి తీరం వస్తుంది, జీను లేని గుర్రం మీద అదే కుర్రవాడు. కళ్లు తెరవక ముందే వాళ్లు ఆ చోటును పోల్చుకుంటారేమో చూడాలి.