అబ్బా తిప్పిన వాల్వు

మొన్న ఇతవార్ నాడు ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు మీద పోతుంటే, మేడిపల్లి దగ్గర ఎత్తైన టవర్లు చూసి మా బాబు, "అవేంటి దాదా?" అన్నాడు. అది సెంట్రల్ పవర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ల్యాబు. ఇన్సులేషన్ ఎంతవరకు తట్టుకుంటుందో అక్కడ లక్షల వోల్టులు పెట్టి ఇంతిహాన్ చేస్తారు. అబ్బా వాడికి అదంతా చెప్పి, ఆపైన ఖామోష్ అయిపోయారు.

మధ్యాహ్నం దస్తర్‌ఖాన్ దగ్గర నన్నడిగారు: "బేటా, మేం వదిలేసిన గ్యాస్ ఇంకా ఉంటదా?"

అబ్బా నాచారంలో ఓ చిన్న వర్క్‌షాప్‌లో పాతికేళ్లు పనిచేశారు. సబ్‌స్టేషన్ బ్రేకర్లు మరమ్మతుకొచ్చేవి. బ్రేకర్ తెరుచుకునేటప్పుడు లోపల మెరుపులా ఆర్క్ లేస్తుంది. దాన్ని ఆర్పేది సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే గ్యాస్. పనోళ్లు ఎస్‌ఎఫ్ సిక్స్ అంటారు. ఎలక్ట్రాన్లను పట్టేసుకుంటుంది. ఇన్సులేషన్‌లో గాలికి రెండున్నర రెట్ల తాకత్. అందుకే ఇరుకు బస్తీల నడుమ కూడా చిన్న జాగాలో సబ్‌స్టేషన్ పట్టేస్తుంది.

బ్రేకర్ విప్పాలంటే ముందు గ్యాస్ తీయాలి. దాన్ని పట్టి సిలిండర్‌లో నింపే మిషన్ అక్కడ లేదు. వాల్వు తిప్పితే సుయ్‌మని పోయేది. రంగు లేదు, వాసన లేదు. గాలికన్నా ఐదు రెట్లు బరువు, కింద పేరుకుంటే ఊపిరాడదని తలుపులు తెరిచేవారు, అంతే. లోపల ఆర్క్‌కి పుట్టిన తెల్లపొడి జహర్ అని కూడా ఎవరూ చెప్పలేదు. ఉత్త చేతుల్తో తుడిచేవారు.

ఈ గ్యాస్ 1997లోనే క్యోటో ఒప్పందం జాబితాకెక్కింది. ఐపీసీసీ 2013 నివేదిక హిసాబ్ ప్రకారం, వందేళ్ల లెక్కలో ఇది భూమిని కార్బన్ డయాక్సైడ్ కన్నా 23,500 రెట్లు వేడెక్కిస్తుంది. అంటే ఒక్క కిలో వదిలితే సుమారు పదివేల లీటర్ల పెట్రోలు కాల్చినట్టే. అబ్బా స్కూటర్ జిందగీ మొత్తంలో అంత తాగలేదు. గాలిలో దీని ఆయుష్షు ఆ నివేదికలో 3,200 ఏళ్లు. తర్వాత కొందరు తగ్గించి లెక్కగట్టినా అదీ వెయ్యేళ్ల మాటే. చార్‌మినార్ కట్టి 430 ఏళ్లు దాటిందంతే.

"ఉంటుంది అబ్బా," అన్నాను. "కానీ గలతీ మీది కాదు. మిషన్ ఇవ్వని మాలిక్‌ది."

"మాలిక్‌ది సరే. వాల్వు తిప్పిన చేయి నాదే కదా!"

ఏం తసల్లీ చెప్పాలో తెలియలేదు. దారులు మారుతున్నాయని చెప్పాను. ఆర్క్ ఆర్పడానికి వ్యాక్యూమ్, ఇన్సులేషన్‌కి పొడిగాలి వాడే బ్రేకర్లు వచ్చాయి. 24 కిలోవోల్టుల దాకా కొత్త పరికరాల్లో ఈ గ్యాస్‌ని యూరప్ 2026 నుంచి, కొన్ని మినహాయింపులతో, ఆపేసింది. పెద్ద వోల్టేజీల దగ్గర మార్చడం ఇంకా ముష్కిలే. ఉన్న గ్యాస్‌ని మాత్రం పట్టి, శుభ్రం చేసి, మళ్లీ వాడుకోవచ్చు.

అబ్బా చేయి కడుక్కుని, ఇప్పుడు అదే పని చేస్తున్న తన పాత షాగిర్ద్‌కి ఫోన్ కలిపారు. సలాం అయ్యాక మొదటి సవాల్: "మీ దగ్గర గ్యాస్ పట్టే మిషన్ ఉందా? లేకుంటే బ్రేకర్ విప్పకు. మాలిక్ ఏమన్నా అంటే, ఉస్తాద్ వద్దన్నాడని నా పేరు చెప్పు."

మన ఇళ్లల్లో కరెంటు పని చేసే తమ్ముళ్లు, కొడుకులు ఎందరో ఉన్నారు. మీరూ ఓసారి అడగండి.