ఓడకంటే ముందు సరుకు

మా కరీంనగర్ వైపు నుంచి విశాఖపట్నం పోయినవాళ్ళెవరూ కురుసుర చూడకుండా తిరిగిరారు. 1969లో నౌకాదళంలో చేరి 2001లో కొలువు చాలించిన ఆ జలాంతర్గామిని 2002లో బీచ్ ఒడ్డున మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు. లోపల నడుం వంచి, గుండ్రటి తలుపుల్లోంచి కాలెత్తి దూరుతూ పోవాలి. చెరువులో తెప్ప తప్ప మరో నావ ఎరగనివాళ్ళకు అదొక జాతరే. క్యూలో నా ముందున్న ముసలమ్మ, మాటతీరు చూస్తే జగిత్యాల దిక్కు మనిషి, మనవణ్ణి అడిగింది: “గింత ఇనుము నీళ్ళల్ల ఎట్ల తేలుతదిరా?”

“తేలుడు కాదవ్వా, మునుగుడే దాని పని!”

అందరం నవ్వాం. అవ్వ మాత్రం నవ్వలేదు, ఇనుప గోడను తడిమి చూసింది. ఆమె చూపు సరైన చోటే ఉందని నాకు తర్వాత తోచింది.

ఓడల మ్యూజియాల మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. లంగరు, తెరచాప, ఫిరంగి అన్నీ చూపిస్తారు. ఓడలో ఏ సరుకు ఎక్కిందో, అది ఏ ఊరి కొలిమిలో, ఏ మగ్గం మీద తయారైందో చెప్పరు. పేరంతా రేవుదే.

నన్నడిగితే తెలుగు నేల మీద ఓడల మ్యూజియం ఉండాల్సిన చోటు బందరు కోట. పదిహేడో శతాబ్దం మొదట్లో డచ్చివాళ్ళు, వాళ్ళ వెనకే 1611లో ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నంలో వర్తకానికి దిగారు. తర్వాత ఫ్రెంచివాళ్ళ చేతికి పోయిన కోటను 1759లో కల్నల్ ఫోర్డ్ రాత్రి దాడి చేసి పట్టుకున్నాడు. 1864 నవంబరు ఉప్పెన ఊళ్ళో ముప్పై వేలమంది దాకా పొట్టన పెట్టుకుంది. ఇవాళ కోట పేరిట మిగిలినవి పాత ఆయుధాగారం, గంటస్తంభం, కొన్ని గోడలు. ఆ గోడల దగ్గర నిలబడితే బందరువాళ్ళకు కలంకారీ గుర్తొస్తుంది. మనకు గుర్తు రావాల్సింది కోనసముద్రం.

పేరులో ఉన్న సముద్రం చెరువే. పాత కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాలు దగ్గరయ్యే మూల, గోదావరికి దక్షిణాన ఆ ఊరు. నిర్మల్ వైపు దిమ్మదుర్తి లాంటి చోట్ల దొరికే ఖనిజంతో ఇక్కడి కమ్మర్లు ఉక్కు తీసేవారు. రెండు రకాల ఇనుమును కలిపి మట్టి మూసలో పెట్టి, మూత మీద బంకమట్టి మెత్తి, కొలిమిలో దించేవారు. ఒక పగలూ ఒక రాత్రీ తిత్తులు ఆగకూడదు. ఆ తర్వాత అసలు పని, తొందరపడకపోవడం. మూస మెల్లగా చల్లారితేనే లోపలి ముద్దకు ఆ గుణం వస్తుంది. ఆ ముద్దను సాగగొట్టి చేసిన కత్తి మీద నీటి అలల్లాంటి గీతలు తేలతాయి. లోకం దానికి డమాస్కస్ కత్తి అని పేరు పెట్టింది. ముద్ద మనది, పేరు డమాస్కస్‌ది! 1820లలో ఇక్కడికొచ్చిన వాయిసీ అనే ఇంగ్లీషు వైద్యుడు ఈ పద్ధతినంతా రాసుకున్నాడు. ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చి కూర్చున్న వర్తకుడొకడు ఆయనకు తటస్థపడ్డాడు. ఇలాంటి ఉక్కు తమ దేశంలో చేయబోయి కుదరకనే ఇంత దూరం వస్తున్నామని చెప్పాడట. అంతకు నూటయాభై ఏళ్ళ ముందే ఇందల్వాయిలో కత్తుల తయారీ గురించి ఫ్రెంచి యాత్రికుడు థెవెనో రాశాడు. గోల్కొండ రాజ్యపు ఇనుమూ ఉక్కూ ఎడ్ల మీద బందరు చేరి, డచ్చి ఓడలెక్కి పర్షియా దాకా పోయాయి.

ఇంకా వెనక్కి వెళితే మనకూ ఒక కోటగోడల రేవు కనిపిస్తుంది. పెద్దవాగు గోదావరిలో కలిసేచోట కోటిలింగాల. శాతవాహన వంశానికి మొదటివాడైన చిముకుడి నాణేలు ఆ మట్టికోటలో దొరికాయి, పరబ్రహ్మశాస్త్రి చదివి చెప్పారు. ఆంధ్రులకు గోడలున్న పట్టణాలు 30 ఉన్నాయని రోములో కూర్చుని రాసిన ప్లినీ లెక్కలో ఇదీ ఉందని మనవాళ్ళు మురిసిపోతారు, ముచ్చటే కదా, కాదనడమెందుకు. అదే వంశం చివరి రాజుల్లో యజ్ఞశ్రీ వేయించిన రెండు తెరచాపకొయ్యల ఓడ నాణేలు దొరికింది మాత్రం తూర్పుతీరంలో. ఒక్క వంశం ప్రయాణం గోదావరి ఒడ్డు నుంచి సముద్రపొడ్డు దాకా ఆ నాణేల్లోనే కనిపిస్తుంది.

ఓడలను మన గుమ్మంలోకే తేవాలని ఆర్థర్ కాటన్ పంతం పట్టాడు. బేరారు పత్తిని పడవల్లో ప్రాణహిత, గోదావరుల మీదుగా కడలికి దించాలని ఆయన ఊహ. దారిలో మూడు రాతి అడ్డంకులు: దుమ్ముగూడెం, మన ఇంచంపల్లి, ప్రాణహిత మీద దేవల్‌మర్రి. దుమ్ముగూడెంలో ఆనకట్ట, లాకులు కట్టారు. ఈలోగా 1867లో నాగపూర్‌కు రైలొచ్చింది, పత్తి బొంబాయి దారి పట్టింది. 1871లో పనులు ఆపేశారు. నది మీద రైలు గెలిచింది, మనకు రెండూ రాలేదు.

బందరు కోటలో ఎప్పుడైనా మ్యూజియం పెడితే, ఓడ నమూనాకు ముందు కోనసముద్రం మూసను పెట్టమని అడుగుతాను. దానికోసం ఏ లండన్ మ్యూజియానికో అర్జీ పెట్టక్కర్లేదు. ఆ మూసల పెంకులు కోనసముద్రం దిబ్బల్లో చిట్టెంతో కలిసి పడి ఉన్నాయి, ఓ సంచీ పట్టుకెళితే చాలు.