మట్టి రంగు కోసం ముట్టుకాడు దాకా

మా హాలుకి ఈసారి 'టోప్' రంగు వేయిద్దామని పట్టుబట్టింది నేనే. ఫ్రెంచి భాషలో ఆ మాటకి అర్థం నేలలో బొరియలు తవ్వుకునే ఓ చిన్న జంతువు. దాని బొచ్చు రంగన్నమాట. అటు బూడిద రంగూ కాదు, ఇటు గోధుమ రంగూ కాదు, రెండూ కలిసినట్టుంటుంది. షేడ్ కార్డులో ఎంత ముచ్చటగా ఉందో! తీరా గోడ మీద రెండడుగుల మేర వేయించి చూస్తే, ట్యూబులైటు కింద ఊదారంగు తిరిగి జ్వరమొచ్చిన మొహంలా కనిపించింది.

"మట్టి గోడలు వొదిలించుకుని సున్నం గోడల్లోకి రావడానికి మా అమ్మకి సగం జీవితం పట్టింది. మళ్లీ మట్టి రంగేటమ్మా?" అన్నారు అత్తయ్యగారు. ఆవిడ నొచ్చుకున్నారని తెలుస్తూనే ఉంది. పని ఆపించేశాను.

ఆ మధ్యనే చెన్నైలో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, అందరం కలిసి దక్షిణచిత్ర చూడ్డానికి బయల్దేరాం. ఊరికి దక్షిణాన, ఈస్ట్ కోస్ట్ రోడ్డులో ముట్టుకాడు దగ్గర ఉంది. 1996లో మొదలైంది. దక్షిణాది పాతకాలపు ఇళ్లన్నీ ఒక్కచోట చూడొచ్చు. మంగళవారం సెలవు, అది చూసుకుని మరీ వెళ్లండి.

చెట్టినాడు ఇల్లు, కేరళ చెక్క ఇళ్లు, మన కొయ్యలగూడెం చేనేతవారి ఇల్లు చూసుకుంటూ చుట్టిల్లు దగ్గరికొచ్చాం. ఉమ్మడి విశాఖ జిల్లా హరిపురం ఇళ్ల తరహాలో కట్టిందట. గాలివానకి నిలవాలని గుండ్రంగా కడతారు, చూరు బాగా కిందికి దింపుతారు. వంగి లోపలికి వెళ్లామో లేదో, అత్తయ్యగారు గోడ మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయారు.

గోడ చూస్తే అచ్చం నా షేడ్ కార్డు రంగే! కానీ దిగులుగా లేదు. గుమ్మంలోంచి పడే ఎండ వెలుగులో వెచ్చగా ఉంది.

"మా అమ్మ ఇలాగే అలికేది. గోడ అడుగున సుద్దతో తెల్లపట్టీ తీసేది. ఆ తెలుపు పక్కనుంటేనే మట్టికి అందం" అన్నారావిడ, నెమ్మదిగా.

నా పొరపాటు అప్పుడు తెలిసింది. ఈ రంగు మీద పడ్డ వెలుతురులో సగం కూడా తిరిగి రాదు. అందుకని ఇంటికొచ్చాక నాలుగు గోడలకీ కాకుండా, కిటికీ ఎండ తగిలే రెండిటికే వేయించాను. పైకప్పూ, తలుపుల చుట్టూ, అడుగున జానెడు పట్టీ తెలుపే. ట్యూబులైటు తీయించి పసుపు కాంతి బల్బు పెట్టించాను. మీరు వేయించుకోవాలనుకుంటే మాత్రం, ముందు చిన్న మేర వేయించి, పొద్దున్నా మధ్యాహ్నం దీపాల వేళా రెండ్రోజులు చూసుకోండి. వెలుతురు తక్కువున్న వంటింటికి అసలొద్దు.

పట్టీ గీత వంకర పోయిందని పెయింటర్‌ని అత్తయ్యగారు రెండుసార్లు దిద్దించారు. మిగిలిన రంగు డబ్బా అటక మీద దాచిందీ ఆవిడే.