గునుగు కంకితో గీతలు

వానలు వెనకపట్టి శరత్తు వచ్చేసరికి తెలంగాణ చేలగట్ల మీద గునుగు విరగబూసి ఉంటుంది. భాద్రపద అమావాస్యకి ఎంగిలిపూల బతుకమ్మతో పండగ మొదలవుతుంది. ఆ తొమ్మిది రోజులూ ఇళ్ళలో గునుగు కంకుల్ని గుత్తులు కట్టి రంగునీళ్ళలో అద్దుతారు. అందులోంచి నాలుగు కాడలు మూడేళ్ళ పిల్లల చేతికివ్వండి. కింద పాత పేపరు పరచండి. వాళ్ళకి అంతకన్నా మంచి కుంచె దుకాణంలో దొరకదు.

ఒక పాపని దగ్గర కూర్చుని చూశాను. ముందు కంకిని రంగులో ముంచి కాగితమంతా టపటపా కొట్టింది. తర్వాత ఈడ్చి చూసింది, వెడల్పాటి మెత్తని చార పడింది. కాడను తిరగేసి తడిరంగులో గీకింది. ఇక కంకినే నలిపింది. నల్లగా మెరిసే సన్నని గింజలు రాలి రంగుకి అంటుకుంటే, ఒక్కొక్కదాన్నీ వేలితో జరుపుతూ ఉండిపోయింది. కాగితం బురదరంగుకి తిరిగింది. పాపకి ఆ చింతే లేదు.

ఇంతలో ఎవరో ఒకరు “ఏం బొమ్మ వేశావమ్మా?” అంటారు. ఆ ప్రశ్న ఆటని ఆపేస్తుంది. చాలా బడుల్లో టీచరమ్మే నెమలిని గీసిస్తుంది, పిల్లలు గీత దాటకుండా రంగు నింపుతారు. గోడనిండా ఒకే నెమలి. అమ్మానాన్నలకి ముచ్చటే కానీ అందులో పిల్లల పని ఏముంది? రెండు నుంచి నాలుగేళ్ళ వయసు పిచ్చిగీతల దశ అని కళావిద్యావేత్త విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947 నాటి తన పుస్తకంలోనే రాశాడు. చెయ్యి తన కదలికని అదుపులోకి తెచ్చుకునేది ఆ గీతల్లోనే.

ఈ రుతువులో సరంజామా కొనక్కర్లేదు. బంతిరేకుల్ని కాగితం మీద రుద్దితే పసుపు మరక పడుతుంది. శంఖుపూలు వేడినీళ్ళలో వేస్తే నీలిరంగు దిగుతుంది. చల్లారాక పిల్లల చేతే నిమ్మరసం పిండించండి, నీలం ఊదాగా మారుతుంది. పసుపు నీళ్ళలో తినేసోడా వేస్తే ఎర్రబారుతుంది. ఎందుకలా అని అప్పుడే పాఠం చెప్పకండి, మళ్ళీ మళ్ళీ పిండనివ్వండి. గన్నేరు మాత్రం దరిచేరనివ్వొద్దు, ఆకూ పువ్వూ పాలూ అన్నీ విషమే.

ఈసారి పండక్కి పూలు తెచ్చినప్పుడు పిల్లలకంటూ ఒక గుప్పెడు తీసిపెట్టండి. వాళ్ళ కాగితం మీద మీ చెయ్యి పెట్టకండి. నిండిపోతే ఇంకొకటి ఇవ్వండి.