సంచితో పాటు ఏం తీశారు?

హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో, ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ గది ముందు ఓ స్టీలు గిన్నె, దాన్నిండా పిన్నీసులు. నడుం దగ్గర లోహం ఉంటే లెక్క తప్పుతుందని టెక్నీషియన్ ఒక్కొక్కరి చేతా తీయిస్తోంది. కాళ్ల కింద స్పాంజి దిమ్మ పెట్టి పడుకోబెట్టాక మిషన్ చెయ్యి నడుం మీదుగా నెమ్మదిగా జరుగుతుంది. తెర మీద నాలుగు వెన్నుపూసలు, పక్కనే టీ-స్కోరు. అది మైనస్ 2.5కి దిగిందంటే ఎముక గుల్లబారినట్టే.

ఇది మెనోపాజ్ క్లినిక్. యాభై దాటినవాళ్ల మధ్యలో పాలమూరు నుంచి వచ్చిన ముప్ఫై ఎనిమిదేళ్లావిడ కూర్చుని ఉంది. స్కోరు మైనస్ 2.6.

"గర్భసంచి ఒక్కటే తీశారామ్మా, అండాశయాలు కూడానా?" అనడిగారు డాక్టరమ్మ.

"సంచి తీసినమన్నరు మేడం. ఇంకేం తీసిన్రో నాకెర్కలేదు. కాయితం గూడ ఇయ్యలే."

కాగితం చెప్పనిది రక్తపరీక్ష చెప్పింది: ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ బాగా ఎక్కువ, ఈస్ట్రోజన్ రకమైన ఈస్ట్రడయోల్ దాదాపు లేదు. అల్ట్రాసౌండ్‌లో అండాశయాలు కనిపించలేదు.

ఎముకను కరిగించే కణాలు, కట్టే కణాలు మన ఒంట్లో ఎప్పుడూ పనిలోనే ఉంటాయి. కరిగించేవాటిని అదుపులో పెట్టేది అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజన్. అది పోతే ఎముక కరిగినంత వేగంగా కట్టుబడదు. ముట్లుడిగాక ఎముకలు గుల్లబారడానికి ఈస్ట్రోజన్ లోపమే కారణమని బోస్టన్‌లో ఫుల్లర్ ఆల్‌బ్రైట్ 1941లోనే చెప్పాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా మన దగ్గర గర్భసంచి ఆపరేషన్‌కు ముందు ఆ మాట చెప్పేవాళ్లు తక్కువే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద నూటికి మూడుకు కాస్త పైన. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎనిమిదికి పైనే.

ఈస్ట్రోజన్‌ను మందుగా వాడేటప్పుడు రక్తంలో అదెంతుండాలి అని డాక్టరమ్మను అడిగాను. "అంకె వెంట పరుగెత్తం" అన్నారామె. అరవై దాటినవాళ్లకు రోజుకు 14 మైక్రోగ్రాముల ఈస్ట్రోజన్ ప్యాచ్ కూడా ఎముక సాంద్రతను పెంచిందని 2004లో ఒక ట్రయల్ తేల్చింది. ఈవిడలాంటి చిన్న వయసువాళ్లకు మాత్రం ఆ పిసరు చాలదు. అండాశయాలు ఇవ్వాల్సినంత ఇవ్వాలి, అదీ సహజంగా ముట్లుడిగే వయసు దాకా. చెమటకు ప్యాచ్ ఊడుతుందని జెల్ రాశారు. గర్భసంచి లేదు కాబట్టి తోడుగా ప్రొజెస్టిరోన్ అక్కర్లేదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకూ, కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లకూ ఈ దారి మామూలుగా ఉండదు, వేరే మందులున్నాయి. మానేస్తే ఎముక మళ్లీ కరగడం మొదలవుతుందని రెండుసార్లు చెప్పి పంపారు.

"కాల్షియం గోలీలు తింటనే ఉన్న గద" అంది ఆవిడ బయటికొచ్చాక. ఈస్ట్రోజన్ చేసే పని కాల్షియం ఒక్కటే చెయ్యలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా గర్భసంచి ఆపరేషన్ అంటే, అండాశయాలు ఉంచుతారా తీస్తారా అని ముందే అడగండి. తీస్తే ఎందుకో కనుక్కోండి, తీశాక డిశ్చార్జి కాగితంలో ఆ సంగతి రాయించుకోండి.