అబద్ధాల రేకు, నిజాల బేరం

మన తాతల కాలపు పత్రికల చివరి పేజీలు తిరగేస్తే, తెలుగునాట అప్పటికే రోగమన్నది లేకుండా పోయి ఉండాలనిపిస్తుంది. ఒక్క సీసా తలనొప్పికీ, కీళ్లనొప్పులకీ, తేలుకాటుకీ కూడా పనిచేసేస్తుంది. ఒక్క టానిక్కు నరాల నీరసాన్నీ, మతిమరుపునీ, సంసారం మీద విరక్తినీ మండలం రోజుల్లో వదలగొడుతుంది. తలనూనె రాసుకున్నావిడ జడ మడమలు దాటి నేల మీద పాకుతుంది. మూడో వీధి దాటితే పేరు తెలియని పళ్లపొడి సైతం జగత్ప్రసిద్ధమే.

ఈ కోతలన్నీ కోసిన రేకులు, డబ్బాలు, కాగితాలు ఇవాళ ఆన్‌లైన్‌లో అమ్ముడవుతున్నాయి. వాటిని ఏరి తెచ్చి దాచుకునేవాళ్లలో నేనొకణ్ణి. దాచుకోగా మిగిలినవి అమ్ముతుంటాను. దాచుకున్నవి కూడా అమ్మేస్తానని ఇంట్లోవాళ్ల ఆశ. ఈ బేరంలో తమాషా ఏమిటంటే, పైన ప్రకటన ఎంత అబద్ధమాడితే గిరాకీ అంత ఎక్కువ. కింద నేను రాసే నాలుగు ముక్కల్లో మాత్రం ఒక్క మాట తేడా వచ్చినా పార్సెల్ తిరిగొచ్చేస్తుంది.

ఆన్‌లైన్ వేలం పుట్టినప్పుడే ఈ ధర్మమూ పుట్టింది. 1995లో అమెరికాలో పియెర్ ఒమిడ్యార్ ఒక వేలంపాట సైటు పెట్టాడు. తరవాత అదే ఈబే అయింది. అందులో మొట్టమొదట అమ్ముడైన వస్తువు ఒక పాడైపోయిన లేజర్ పాయింటర్. పలికిన ధర 14.83 డాలర్లు. ‘ఇది పనిచేయదు, చూసుకున్నారా?’ అని ఒమిడ్యార్ అడిగితే, ‘నేను పాడైన లేజర్ పాయింటర్లే పోగుచేస్తుంటాను’ అన్నాడట కొన్నాయన. లోపం దాచకుండా చెప్పినవాడికి ఆ లోపాన్నే కోరుకునేవాడు ఎక్కడో ఒకచోట దొరుకుతాడు. మన దేశంలో ఈబే 2018లో మూతపడింది గానీ ఈ సూత్రానికేమీ ఢోకా రాలేదు. బేరాలు వాట్సాప్ గ్రూపుల్లోకీ, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీల్లోకీ మారాయి, అంతే.

సరుకు దొరికే చోట్లు అందరికీ తెలిసినవే. ముంబై చోర్ బజారులో మటన్ స్ట్రీట్, కారైకుడిలో చెట్టియార్ల మేడలు ఖాళీ చేసిన సామాను పేర్చి పెట్టే మునీశ్వరన్ కోయిల్ వీధి, హైదరాబాద్‌లో జుమేరాత్ బజారు. వీటన్నిటికంటే నాకిష్టమైనవి ఊళ్లలో పాత ఇనుము కొట్లు. ఒకప్పుడు అక్కడ ఏదైనా కాటా మీదికే వెళ్లేది. ఇప్పుడు ఆ కొట్టాయనకీ ఫోనుంది. “ఇది తూకానికి వచ్చేది కాదండీ, పింగాణీ రేకు. నెట్‌లో చూశాను” అని పక్కకి తీసిపెడుతున్నాడు. నెట్‌లో ఆయన చూసింది నేను పెట్టిన రేకే అయి ఉండొచ్చు. నా ధరే నాకు ఎదురొచ్చి నిలబడిందన్నమాట.

ఆ పింగాణీ రేకుని కాస్త దగ్గరగా చూడాలి. పాత కిరాణా కొట్టు తలుపు పక్కనో, రైల్వే ప్లాట్‌ఫారం గోడకో సబ్బులు, సిగరెట్లు, టీ పొడి పేర్లతో కనిపించే నీలం, పసుపు, ఎరుపు పలకలవి. వాటి మీద మెరిసేది పెయింటనుకుంటాం గానీ అది గాజు. ఇనప రేకు మీద గాజుపొడి పూసి సుమారు 800 డిగ్రీల వేడిలో కాలిస్తే, గాజు కరిగి ఇనుముని కరుచుకుంటుంది. మామూలుగా ఒక్కో రంగుకీ ఒక్కోసారి బట్టీలోకి వెళ్లిరావాలి. గాజు కాబట్టే ఆ రంగు ఎండకి వెలవదు, వానకి కరగదు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర సెలీ ఓక్‌లో పేటెంట్ ఎనామెల్ కంపెనీ 1889లో ఈ బోర్డుల కోసమే ఫ్యాక్టరీ కట్టింది. అక్కడివాళ్లు చేసిన పలకలు ఓడలెక్కి మన గోడలకి చేరాయి. తరవాత బెంగాల్ ఎనామెల్ లాంటి మన కంపెనీలూ వచ్చాయి.

అసలుదో నకిలీదో తేల్చడానికి కంటికంటే వేలు నమ్మకమైనది. పాత పలక మీద వేలు నడిపిస్తే అక్షరం అంచు తగులుతుంది, పొర మీద పొర ఎక్కింది కనక. మేకుల కన్నాలు కాల్చకముందే కొట్టి ఉంటారు కాబట్టి కన్నం అంచు మీదికి కూడా గాజు దిగి ఉంటుంది. పెచ్చు లేచిన చోట ముందు నల్లటి అడుగుపూత, దాని నడుమ తుప్పు, కంటిపాపలాగా ఒకదానిలో ఒకటి కనిపిస్తాయి. నకిలీలో రేకు పల్చన, రంగు అచ్చొత్తింది, కన్నం తరవాత పొడిచింది. ఉప్పునీళ్లో యాసిడో పోసి పట్టించిన తుప్పు ఒళ్లంతా ఒకే తీరుగా ఉంటుంది. అసలు తుప్పుకి ఒక చరిత్ర ఉంటుంది. మేకు దగ్గరో, ఏ పిల్లాడో రాయి విసిరిన చోటో మొదలై, వాన నీళ్లు ఎటు కారితే అటే జారుతుంది.

నకిలీల్లో రారాజు గ్రామఫోను. మెరిసిపోయే ఇత్తడి బూర, నగిషీ చెక్కిన పెట్టె, ముందు హెచ్.ఎం.వి. కుక్క బొమ్మ. చూడగానే ముచ్చటేస్తుంది. లోపల చూస్తే ఏదో పాత పోర్టబుల్ పెట్టెలోంచి ఊడబెరికిన మోటారు, పెట్టె నిన్నమొన్నటి కర్ర, బూర కొత్తగా కొట్టించింది. హోటళ్ల రిసెప్షన్లలో, పెళ్లి మండపాల్లో అలంకారానికి బాగానే ఉంటుంది. దాన్ని ‘తాతగారిది’ అని అమ్మడంలోనే ఉంది పాపమంతా.

ఏది అరుదు, ఏది చవక అన్న లెక్క కూడా మొదట్లో తలకిందులుగా కనిపిస్తుంది. మనకి పనికొచ్చినవి మిగిలాయి, కాబట్టి అవి చవక. పనికిరానివి పొయ్యిలోకి పోయాయి, కాబట్టి అవి ప్రియం. 1937లో వచ్చిన డాల్డా సంగతే చూడండి. తాటిచెట్టు బొమ్మ వేసిన ఆ డబ్బా, లోపలి వనస్పతి అయిపోయాక, పప్పులకీ, బియ్యం కొలవడానికీ, చివరికి అడుగున చిల్లు పెట్టించుకుని తులసిమొక్కకీ పనికొచ్చింది. అందుకే ఇప్పటికీ అటకల మీంచి దిగుతూనే ఉంది. అదే కాలపు సబ్బు మీద చుట్టిన కాగితం దొరకమనండి! విప్పిన చేత్తోనే పారేశారు. మాంచెస్టరు మిల్లుల వాళ్లు బట్ట తానుల మీద అంటించిన రంగు లేబుళ్లు, స్వీడన్, ఆస్ట్రియాల నుంచి మన దేవుళ్ల బొమ్మలతో దిగుమతైన అగ్గిపెట్టెల లేబుళ్లు కూడా అంతే. ఎవరో బొమ్మల పిచ్చి ఉన్న పిల్లలు నోటుబుక్కులో అంటించుకోబట్టి బతికాయి.

అన్నిటికంటే విచిత్రం క్యాలెండరుది. ఏ బట్టల కొట్టో, ఎరువుల కంపెనీయో ఉగాదికి లక్ష్మీదేవి క్యాలెండరు ఇస్తుంది. ఏడాది తిరగ్గానే మనవాళ్లు తారీఖుల కాగితాలు చింపేసి, కింద కొట్టు పేరున్న పట్టీ కత్తిరించేసి, అమ్మవారిని ఫ్రేము కట్టించి పూజగదిలో పెడతారు. డబ్బు ఖర్చుపెట్టి బొమ్మ వేయించిన షావుకారు కత్తెర పాలైతే, అమ్మవారు మాత్రం పసుపుకుంకాలతో వెలిగిపోతూ ఉంటుంది. అందుకే కొట్టు పేరు, ఊరు, బజారు పేరుతో సహా మిగిలిన క్యాలెండరు కనిపిస్తే వదిలిపెట్టను. దేవుడి బొమ్మ ఎక్కడైనా దొరుకుతుంది, ఆ షావుకారు దొరకడు.

ఇళ్లలో దొరికే సరుకుకి మరో గండం ఉంది, శుభ్రం. “మీరొస్తున్నారని నిన్ననే తోమించి పెట్టామండీ” అన్న మాట వినగానే నా ప్రాణం ఉసూరుమంటుంది. ఇత్తడికి చింతపండు, బిస్కెట్ డబ్బాకి పీచు, సబ్బుపొడి. నూరేళ్ల చాయ పావుగంటలో కాలవలోకి పోతుంది, డబ్బా మీద దొరసాని ముఖం సగం చెరిగిపోతుంది. కాగితాలకైతే లామినేషన్. ప్లాస్టిక్ మధ్య వేడికి అతుక్కున్న కాగితాన్ని ఇక ఎవరూ విడదీయలేరు. కొనేవాడికి కావలసింది మాసిన వస్తువే. ఎవరి చెయ్యీ పడని మాపుకే ధర. శుచికి పేరుపడ్డ ఇల్లాలికి ఈ మాట ఎలా చెప్పాలో నాకిప్పటికీ తెలియదు. కాఫీ తాగేసి వచ్చేస్తుంటాను.

ప్రకటన అంటే వట్టి కోతే అనుకుంటే పొరపాటు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత కచేరీల్లో ఊరికే పంచిపెట్టి జనానికి అలవాటు చేశారని చెబుతారు. ఆ తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక వారపత్రిక బొంబాయిలో మొదలైంది, 1914లో మద్రాసులో దినపత్రిక అయింది, 1924లో భారతి వచ్చింది. డాక్టర్ కె.ఎన్. కేసరి లోధ్ర అనే మందు అమ్మారు. గృహలక్ష్మి పత్రిక నడిపారు, రచయిత్రులకు స్వర్ణకంకణాలు తొడిగారు. తెలుగు సాహిత్యానికి ఇంత ఉపకారం చేసిన సీసాలు మట్టిలోంచో మందుల బీరువాలోంచో చేతికొస్తే, మూత తీసి వాసన చూడకుండా ఉండలేను.

కొన్నవాళ్లలో సగంమంది దేశం దాటినవాళ్లే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కట్టుకున్న మనవాడికి హాలు గోడ మీద తెలుగక్షరాల రేకు కావాలి. “అన్నా, లాస్ట్ ఎంత?” అని మొదలవుతుంది. “తుప్పుందేంటి?” అంటాడు. ఉందని రాశానుగా అంటే, “వదిలించి పంపగలవా?” అంటాడు. వదిలిస్తే రేకు విలువ కూడా వదిలిపోతుందని వివరించి, కుడి పై మూలన పెచ్చు పక్కన రూపాయి బిళ్ల పెట్టి మళ్లీ ఫోటో తీసి పంపుతాను. అప్పుడు నమ్మకం కుదురుతుంది. ఎక్కడా గీతపడలేదని రాసిన దానికంటే, ఫలానా చోట ఇంత గీత ఉందని రాసినదే తొందరగా పోతుంది.

దేశం దాటించేటప్పుడు మాత్రం తొందర పనికిరాదు. పురావస్తువులు, కళాఖండాల చట్టం 1972లో వచ్చింది, 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. చారిత్రక, కళా విలువ ఉన్న వస్తువుకి నూరేళ్లు నిండితే అది పురావస్తువు. వ్రాతప్రతులకైతే 75 ఏళ్లే చాలు. అలాంటిదాన్ని ప్రైవేటు మనిషి విదేశానికి పంపకూడదు. దేశంలో వ్యాపారం చేయాలన్నా లైసెన్సుండాలి. అనుమానమున్న వస్తువుకి ఇది పురావస్తువు కాదని పురావస్తు శాఖ నుంచి పత్రం తెచ్చుకోవాలి. మొదటి ప్రపంచయుద్ధం నాటి సరుకు ఇప్పటికే నూరు దాటేసింది. దంతపు దువ్వెన, దంతపు పిడి ఉన్న కత్తి లాంటివైతే వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి, వాటి జోలికే పోకూడదు.

చట్టం అడ్డుపడని పాపం ఒకటి ఈ బేరంలో ఉంది. పాత పత్రిక పూర్తి సంచికకి వచ్చే ధర కంటే, అందులోని ప్రకటనల పేజీలు విడివిడిగా కోసి ఫ్రేములు కట్టి అమ్మితే వచ్చేది ఎన్నోరెట్లు. కోసేవాళ్లున్నారు. నాకు చేతులు రావు. గ్రంథాలయాల్లో ఏడాది సంచికలు కలిపి బైండు చేయించేటప్పుడు అట్టలూ ప్రకటనల పేజీలూ దండగని తీసేయడం పాత అలవాటు. కథలు, పద్యాలు నిలిచాయి. ఆ వారం సబ్బు ఎంత, చీర ఎంత, జనం దేనికి భయపడ్డారు, దేనికి ఆశపడ్డారు అన్నది చెప్పే పేజీలు పోయాయి. కాబట్టి పూర్తి సంచిక చిక్కితే దాన్ని పూర్తిగానే అమ్ముతాను. అమ్మకానికి పెట్టేటప్పుడు ప్రకటనల్లోని మాటలన్నీ అచ్చుతప్పులతో సహా ఉన్నవున్నట్టు టైపు చేసి పెడతాను. కొనేవాడు ఒకడే అయినా చదివేవాళ్లు చాలామంది.

అలా టైపు చేస్తుంటేనే, ఆ కోతల వెనక కిటుకు బోధపడింది. పాత ప్రకటనల్లో సగానికి చివర ఒక ముక్క ఉంటుంది: జాబు వ్రాసిన వి.పి. ద్వారా పంపబడును. వి.పి. అంటే వాల్యూ పేయబుల్ పోస్టు. పోస్టుమ్యాను పార్సెల్ తెచ్చి గుమ్మంలో నిలబడతాడు. ముందు డబ్బు కట్టాలి, ఆ తరవాతే విప్పి చూసుకోవాలి. విప్పాక ఏం తేలినా మద్రాసులోని కంపెనీ మద్రాసులోనే ఉంటుంది. కచేరీలో సీసా చేతికిచ్చి చూసుకోమన్న పంతులుగారి లాంటివాళ్లు వేరు. చూపించే పని లేనివాడికి మాటకి హద్దేముంది? ఇప్పుడు నా పార్సెల్ అందుకున్నవాడు ఒక చేత్తో టేపు కోస్తూ రెండో చేత్తో వీడియో తీస్తాడు. పెచ్చు నేను చెప్పిన దానికంటే గోరంత పెద్దదైనా ఆ వీడియో సాయంత్రానికి గ్రూపులో ఉంటుంది. ఇంత నిజాయితీగా రాస్తున్నానంటే ఆనాటి టానిక్కు షావుకారు కంటే నేను మంచివాణ్ణని ఎవరైనా అనుకుంటే సంతోషమే. అయితే ఆ వి.పి. రోజుల్లో నేనే కొట్టు పెట్టి ఉంటే నా రేకు మీద ఏం రాయించేవాణ్ణో, ఆ పూచీ మాత్రం నేను పడలేను.